సోరియాసిస్‌లో చర్మకణాలు అతిగా పెరగడానికి మూలం వృద్ధి కారకాలా, రోగనిరోధక వ్యవస్థా?

నీలిసిరా అడిగిన ప్రశ్న

నాకు తొమ్మిదేళ్లుగా సోరియాసిస్ ఉంది. మోచేతుల మీద రెండు పెద్ద పలకలు, తల వెనుక జుట్టు మొదలయ్యే చోట ఒక పట్టీ, వచ్చి పోయే చిన్న మచ్చలు మరికొన్ని. చికిత్స సజావుగానే సాగుతోంది కాబట్టి మందు చెప్పమని అడగడం లేదు. నా సందేహం వేరు.

ఇది రోగనిరోధక వ్యవస్థ దారి తప్పడం వల్ల వచ్చే జబ్బని నన్ను చూసే వైద్యురాలు మొదటి రోజునే చెప్పారు. అయితే ఈమధ్య గ్రంథాలయంలో 1980ల నాటి చర్మవ్యాధుల పాఠ్యపుస్తకం ఒకటి చేతికి దొరికింది. అందులో సోరియాసిస్ అధ్యాయమంతా చర్మకణాల పెరుగుదల గురించే ఉంది. కణం ఎంత వేగంగా విభజన చెందుతోంది, అడుగుపొర నుంచి పైపొరకు ఎన్ని రోజుల్లో చేరుతోంది, ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ అనే ఈజీఎఫ్ పాత్ర ఏమై ఉండవచ్చు అని పేజీల కొద్దీ రాసి, రోగనిరోధకతను మాత్రం ఒక్క పేరాతో సరిపెట్టారు. ఆ పుస్తకం చెప్పినదంతా ఇప్పుడు చెల్లనిదేనా? లేక రెండూ నిజమేనా? రెండూ నిజమైతే ఏది ముందు, ఏది వెనుక?

దీనికి ఒక చిన్న తోక కూడా ఉంది. ముఖానికి రాసుకునే సీరం సీసా ఒకటి స్నేహితురాలు కానుకగా ఇచ్చింది. దాని మీద ఈజీఎఫ్ ఉందని గొప్పగా రాసి ఉంది. నా చర్మంలో కణాలు ఇప్పటికే అవసరానికి మించి పెరుగుతున్నప్పుడు, వృద్ధి కారకాన్ని పైనుంచి పూయడం నిప్పులో ఆజ్యం పోసినట్టు కాదా? సీసా మూత ఇంకా తీయలేదు.

సూక్ష్మదర్శిని సమాధానం

నేను వైద్యుణ్ణి కాను. కెరటినోసైట్లను, అంటే బాహ్యచర్మంలో అత్యధిక భాగంగా ఉండే కణాలను, ప్రయోగశాలలో పెంచే పని చాలా ఏళ్లు చేశాను. కాబట్టి కణం వైపు నుంచి చెప్పగలిగినంత చెబుతాను, రోగి వైపు సంగతి తెలిసినవారు సరిదిద్దగలరు.

ముందు మీ పుస్తకానికి న్యాయం చేద్దాం. అది కొలిచి చెప్పినది అబద్ధం కాదు. ఆరోగ్యంగా ఉన్న చర్మంలో అడుగుపొరలో పుట్టిన కణం పైకి జరుగుతూ, గట్టిపడి, కేంద్రకాన్ని పోగొట్టుకుని, చివరికి కంటికి కనిపించని పొట్టుగా రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలో, అంతకంటే ఎక్కువో పడుతుంది. సోరియాసిస్ పలకలో అదే ప్రయాణం మూడు నుంచి ఐదు రోజుల్లో ముగుస్తుంది. అంత తొందరలో కణానికి పక్వం కావడానికి వ్యవధి చాలదు. కేంద్రకం లోపలే ఉండిపోతుంది, కణాల మధ్య కొవ్వు సరిగా పేరుకోదు, ఒకదాన్నొకటి అంటిపెట్టుకున్న కణాలు విడివిడిగా రాలే బదులు పెచ్చులు పెచ్చులుగా ఊడతాయి. మీ మోచేతి మీద వెండిరంగులో మెరిసే పొలుసు అలా పచ్చిగా పైకి వచ్చేసిన కణాల దొంతరే.

ఇక వృద్ధి కారకాల మాట. ఇవి కణాలు ఒకదానికొకటి పంపుకునే చిన్న ప్రొటీన్లు. ఎదుటి కణం పైన ఉన్న గ్రాహకానికి అంటుకుని, విభజన చెందమనో, కదలమనో, చావకుండా నిలవమనో సంకేతం ఇస్తాయి. ఈజీఎఫ్‌ను కనుగొన్న స్టాన్లీ కోహెన్‌కు, నాడీ వృద్ధి కారకాన్ని కనుగొన్న రీటా లెవీ-మొంటాల్చీనీకి కలిపి 1986లో నోబెల్ బహుమతి వచ్చింది కాబట్టి, ఆ దశాబ్దపు పుస్తకంలో వీటికి అంత చోటు దక్కడంలో ఆశ్చర్యం లేదు. విచిత్రమేమిటంటే సోరియాసిస్ చర్మంలో ముఖ్యపాత్ర ఈజీఎఫ్‌ది కానే కాదు, దాని బంధువులది. అదే గ్రాహకానికి అంటుకునే టీజీఎఫ్-ఆల్ఫా అనే ప్రొటీన్ పలకల్లో బాగా ఎక్కువగా ఉందని 1989లో తేలింది. తరువాత ఆంఫిరెగులిన్, హెచ్‌బీ-ఈజీఎఫ్ అనేవీ ఆ జాబితాలో చేరాయి. గ్రాహకం ఉండే చోటు కూడా మారుతుంది. మామూలు చర్మంలో అది ప్రధానంగా అడుగుపొరకే పరిమితమై ఉంటే, సోరియాసిస్‌లో పైపొరల దాకా నిలిచి ఉంటుంది. విభజన మానేసి గట్టిపడవలసిన కణాలకు కూడా పెరగమన్న మాట వినిపిస్తూనే ఉంటుందన్నమాట.

వీటిని ఎవరు తయారుచేస్తున్నారన్నదే ఇందులో అసలైన ఆసక్తి. చాలావరకు కెరటినోసైట్లే. దీన్ని నేను ప్రయోగశాల పళ్లెంలో కళ్లారా చూశాను. కెరటినోసైట్లను పలుచగా చల్లి, పోషకద్రవంలో వృద్ధి కారకాలు కలపకపోతే అవి అక్కడక్కడా ఒంటరిగా అతుక్కుని, రోజుల తరబడి అలాగే ఉండి, వెడల్పుగా సాగిపోయి నీరసిస్తాయి. అవే కణాలను ఒత్తుగా చల్లితే, బయటి నుంచి ఏమీ కలపకపోయినా పెరుగుతాయి. మర్నాడు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే పరిచిన గులకరాళ్ల నేలలా ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని, మధ్యమధ్యలో విభజన చెందుతున్న గుండ్రటి కణాలు మెరుస్తూ కనిపిస్తాయి. గుంపుగా ఉన్నప్పుడు తమకు కావలసిన ఆంఫిరెగులిన్‌ను తామే విడుదల చేసుకుని, తమ గ్రాహకాలతో తామే అందుకోవడం దీనికి కారణం. సొంత పొలంలో పండించి సొంత కుండలో వండుకున్నట్టు. ఇంకొక సంగతి: ఈ ప్రొటీన్లు మొదట కణం పొరకు అతుక్కునే ఉంటాయి, ఒక ఎంజైమ్ కత్తిరిస్తే గాని విడుదల కావు. ఆంఫిరెగులిన్‌ను కత్తిరించే ఏడీఏఎమ్-17 అనే ఆ ఎంజైమే, సోరియాసిస్‌లో తాపాన్ని, అంటే ఎరుపును, వాపును రేపే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే ప్రొటీన్‌ను కూడా కత్తిరించి వదులుతుంది. మీరు అడిగిన రెండు కథలూ ఒకే కత్తెర దగ్గర కలుస్తాయి.

ఎలుకల మీద చేసిన ప్రయోగాలు కూడా ఆలోచింపజేస్తాయి. చర్మకణాల్లో టీజీఎఫ్-ఆల్ఫా అతిగా తయారయ్యేలా జన్యువు మార్చిన ఎలుకలకు చర్మం మందమై పొలుసులు కట్టింది, కానీ సోరియాసిస్ పూర్తి రూపం రాలేదు. ఆంఫిరెగులిన్‌తో 1997లో అదే పని చేసినప్పుడు మాత్రం చర్మం మందం కావడంతో పాటు తాపజనక కణాలు కూడా వచ్చి చేరాయి. అంటే కెరటినోసైట్ ఆజ్ఞలు పాటించే కూలీ మాత్రమే కాదు, తానూ కేకలు వేసి పదిమందిని పిలవగలదు.

వేకువచుక్క సమాధానం

నేను చర్మవైద్యంలో ఉన్నాను. పై సమాధానంలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు గాని, అక్కడితో ఆగితే చదివినవారు వృద్ధి కారకాలే మూలమని అనుకునే ప్రమాదం ఉంది. ఏది ముందు అన్న ప్రశ్నకు వైద్యరంగం మందుల ద్వారా, కొంత యాదృచ్ఛికంగా, జవాబు తెలుసుకుంది.

1951లో అమినోప్టెరిన్ అనే కణవిభజన నిరోధక మందుతో సోరియాసిస్ తగ్గడం చూశారు. దాని దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ నేటికీ మన చేతిలో ఉంది. కణవిభజనను ఆపే మందు పనిచేస్తోంది కాబట్టి జబ్బు కణవిభజనదే అన్న నమ్మకం అలా బలపడింది. మీ పుస్తకం రాసినవారు ఆ వాతావరణంలో రాశారు. 1979లో సైక్లోస్పోరిన్ వాడిన రోగులలో సోరియాసిస్ పలకలు కరిగిపోవడం గమనించారు. అది రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలనే తెల్లరక్తకణాలను అణచే మందు. అయినా వాదం తెగలేదు, ఎందుకంటే సైక్లోస్పోరిన్ మోతాదు పెంచితే కెరటినోసైట్లను కూడా నేరుగా నెమ్మదింపజేస్తుందని కొందరు పట్టుబట్టారు. 1995లో చేసిన ప్రయోగం ఆ పట్టును సడలించింది. డిఫ్తీరియా విషంలోని ఒక భాగాన్ని, రోగనిరోధక కణాలు పంపుకునే ఇంటర్‌ల్యూకిన్-2 అనే సంకేత ప్రొటీన్‌కు జోడించి, ఇంటర్‌ల్యూకిన్-2 గ్రాహకం ఉన్న చైతన్యవంతమైన టీ కణాలను మాత్రమే చంపేలా ఒక మందును తయారుచేసి రోగులకు ఇచ్చారు. కెరటినోసైట్లకు ఆ గ్రాహకం లేదు కాబట్టి వాటిని అది తాకదు. అయినా చాలామందిలో పలకలు తగ్గాయి, కెరటినోసైట్ల పెరుగుదల నెమ్మదించింది. పైనున్న పంటను ముట్టుకోకుండా నీరు ఆపేస్తే పంట వాడిపోయిన తీరు ఇది.

ఆ తరువాత వచ్చిన అవగాహన స్థూలంగా ఇది. చర్మంలో కాపలా కాసే డెండ్రిటిక్ అనే రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-23ను విడుదల చేస్తాయి. దాని వల్ల కొన్ని టీ కణాలు ఇంటర్‌ల్యూకిన్-17నూ, ఇంటర్‌ల్యూకిన్-22నూ ఉత్పత్తి చేస్తాయి. వీటిలో 22వది దాదాపు వృద్ధి కారకంలాగే ప్రవర్తిస్తుంది. కెరటినోసైట్‌లో స్టాట్-3 అనే సంకేతవాహకాన్ని మేల్కొలిపి, పెరుగుదలను పెంచి పక్వతను అడ్డుకుంటుంది. 17వది కెరటినోసైట్ చేత న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాలను రప్పించే రసాయనాలను, సూక్ష్మజీవినాశక ప్రొటీన్లను తయారుచేయిస్తుంది. అంతేకాక ఈజీఎఫ్ గ్రాహకాన్ని పరోక్షంగా మేల్కొలుపుతుంది కూడా. సూక్ష్మదర్శిని గారు చెప్పిన సొంత వంట మొదలయ్యేది ఇక్కడే. పొయ్యి కణానిదే, అగ్గిపుల్ల టీ కణానిది.

అయితే ఈ వరుస తిన్నగా ఒకే దిశలో సాగదు. 2005లో కెరటినోసైట్లలో స్టాట్-3 ఎప్పుడూ చురుకుగా ఉండేలా ఎలుకలను తయారుచేశారు. వాటి చర్మానికి గాయం చేస్తే సోరియాసిస్‌ను పోలిన మచ్చలు వచ్చాయి. కానీ ఆ మచ్చ పూర్తిగా రూపుదిద్దుకోవాలంటే చైతన్యవంతమైన టీ కణాలు కూడా కావలసి వచ్చాయి. ఒక్క కెరటినోసైట్ చాలలేదు. కాబట్టి మీ వైద్యురాలు చెప్పినది కారణం గురించి, మీ పుస్తకం చెప్పినది ఆ కారణం చర్మంలో పనిచేసే తీరు గురించి అని నేను చదువుకుంటాను.

సీరం సంగతి. ఈజీఎఫ్ 53 అమైనో ఆమ్లాల ప్రొటీన్. పగలని చర్మం అంత పెద్ద అణువును సులువుగా లోపలికి రానివ్వదు కాబట్టి దాని గొప్పలన్నిటినీ నమ్మనక్కర లేదు. కానీ సోరియాసిస్ పలక మీద, గోకిన చోట, పగుళ్ల మీద ఆ కాపలా సరిగా ఉండదు. ఆ సీరం సోరియాసిస్‌ను పెంచుతుందని నేను అనను. మేలు చేస్తుందనడానికి తర్కం లేని చోట, చేటు చేయగలదనడానికి తర్కం ఉన్న చోట, నేనైతే నా రోగికి పలకల మీద గాని, వాటి చుట్టుపక్కల గాని రాయవద్దనే చెబుతాను. పైగా అలాంటి సీసాల్లో సువాసనలు, ఆమ్లాలు కూడా ఉంటాయి. చర్మాన్ని మండించే ఏ పదార్థమైనా కొత్త మచ్చకు చోటు చూపగలదు.

గాలివాటం సమాధానం

చివరి వాక్యం చదివాక నా అనుభవం చెప్పాలనిపించింది. నాకూ పదకొండేళ్లుగా సోరియాసిస్ ఉంది. రెండేళ్ల కిందట ముళ్లకంచె దాటుతుంటే ముంజేతి మీద జానెడు పొడవున గీరుకుపోయింది. నెత్తురు కూడా సరిగా రాలేదు, రెండు రోజుల్లో ఎండిపోయింది. మరో పది పన్నెండు రోజులకు సరిగ్గా ఆ గీత వెంబడే, అంతే పొడవున, స్కేలు పెట్టి గీసినట్టు ఎర్రటి పట్టీ తేలింది. వారం తిరిగేసరికి పొలుసు కట్టింది. ముల్లు లోతుగా దిగిన చోట పట్టీ వెడల్పుగా, తేలిగ్గా తాకిన చోట సన్నగా ఉంది. దీన్ని కోబ్నర్ లక్షణం అంటారని, 19వ శతాబ్దంలో హైన్రిక్ కోబ్నర్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వర్ణించాడని తరువాత తెలిసింది.

గాయం మానడానికి కూడా ఈ వృద్ధి కారకాలే కావాలి కదా. అలాంటప్పుడు సోరియాసిస్ అంటే మానడం మొదలుపెట్టి ఆపడం మరిచిపోయిన గాయం అని అనుకోవచ్చా? అదే నిజమైతే పలక తగ్గాక గాయపు మచ్చ మిగలాలి. నా ముంజేతి మీది పట్టీ చికిత్సతో పోయాక కాస్త రంగు తేడా తప్ప ఏ గుర్తూ మిగల్లేదు. అది కూడా కొన్ని నెలల్లో చర్మంలో కలిసిపోయింది.

సూక్ష్మదర్శిని సమాధానం

గాలివాటం గారు, మీరు అడిగినది ఈ చర్చలో అన్నిటికంటే మంచి ప్రశ్న. అవును, చాలామంది పరిశోధకులు సోరియాసిస్‌ను అలాగే చూస్తారు. గాయం అంచున ఉన్న కెరటినోసైట్లు మామూలుగా తయారుచేసే కెరటిన్-1, కెరటిన్-10 అనే గట్టి ప్రొటీన్లను తగ్గించి, కెరటిన్-6, 16, 17లను తయారుచేయడం మొదలుపెడతాయి. సోరియాసిస్ పలకలోనూ సరిగ్గా అదే మార్పు కనిపిస్తుంది. కణం దృష్టిలో ఆ పలక ఒక గాయమే. గాయం పూడగానే మామూలు చర్మంలో ఆ మార్పు వెనక్కి తిరుగుతుంది. పలకలో మాత్రం టీ కణాలు పదేపదే పాత వార్తనే చెబుతుండడంతో గాయం ఇంకా తెరిచే ఉందని కణం నమ్ముతూ ఉంటుంది.

మచ్చ మిగలకపోవడానికి కారణం లోతు. మచ్చ కట్టేది అంతశ్చర్మంలో, అంటే కింది పొరలో, కొలాజెన్ అనే నార ప్రొటీన్ తెగి, దాన్ని అడ్డదిడ్డంగా అతికినప్పుడు. సోరియాసిస్‌లో పెరిగేది బాహ్యచర్మం. కింది పొర వాస్తుంది, అందులోని రక్తనాళాలు సాగుతాయి, కానీ కొలాజెన్ నేత తెగిపోదు.

రక్తనాళాల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో వృద్ధి కారకం గురించి చెప్పకుండా ఉండలేను. కెరటినోసైట్లు వీఈజీఎఫ్ అనే రక్తనాళ వృద్ధి కారకాన్ని కూడా విడుదల చేస్తాయి. దాని వల్ల కింద ఉన్న సన్నని నాళాలు వెడల్పై, మెలికలు తిరిగి, బాహ్యచర్మానికి మరీ దగ్గరగా వస్తాయి. ఆ నాళాల మీద కణాల పొర పలుచబడి ఉంటుంది. పొలుసును గోటితో లాగితే సూదిమొనలంత నెత్తుటి చుక్కలు తేలడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక్కొక్క చుక్క కింద ఒక్కొక్క మెలిక తిరిగిన నాళం ఉంటుంది. వైద్యులు దాన్ని ఆస్పిట్జ్ గుర్తు అంటారు. దయచేసి చూడడం కోసం లాగకండి, కోబ్నర్ గారు అక్కడే కాచుకుని ఉంటారు.

కేజీఎఫ్, అంటే కెరటినోసైట్ వృద్ధి కారకం, అని మరొకటి ఉంది. దాన్ని కెరటినోసైట్లు తయారుచేయవు, కింది పొరలో కొలాజెన్‌ను తయారుచేసే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు పైకి పంపుతాయి. గాయం తగిలిన చోట అది ఒక్క రోజులోనే అనేక రెట్లు పెరుగుతుంది. క్యాన్సర్ చికిత్సలో నోటిపూతను తగ్గించడానికి దాని కృత్రిమ రూపమైన పాలిఫెర్మిన్‌ను మందుగా వాడతారు. ఆ మందు తీసుకున్నవారిలో కొందరికి నాలుక మందంగా అయినట్టు అనిపించడం, చర్మం ఎర్రబడడం దుష్ప్రభావాలుగా నమోదయ్యాయి. పెరగమన్న సంకేతం బయటి నుంచి ఇస్తే కణాలు ఎంత విధేయంగా పెరుగుతాయో చూపే ఉదాహరణ ఇది.

నీలిసిరా మలి ప్రశ్న

ఇద్దరికీ ధన్యవాదాలు. సీసాను వెనక్కి ఇచ్చేశాను. రెండు సందేహాలు మిగిలాయి. ఈజీఎఫ్ గ్రాహకాన్ని మూసివేసే మందులు క్యాన్సర్‌కు ఉన్నాయని చదివాను. వాటినే సోరియాసిస్‌కు ఎందుకు వాడరు? రెండోది అడగడానికి కొంచెం భయంగానే ఉంది. ఇన్నేళ్లుగా ఇంత వేగంగా విభజన చెందుతున్న కణాలు ఏదో ఒక రోజు క్యాన్సర్‌గా మారవా?

వేకువచుక్క సమాధానం

రెండోదాన్నే ముందు తీసుకుంటాను, భయం దానితోనే కదా. పలక క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. వేగం పెరిగినా క్రమం తప్పదు. కణం అడుగున పుట్టి, పైకి జరిగి, రాలిపోతుంది. ఎక్కడా పేరుకుపోయి పక్క కణజాలంలోకి చొరబడదు. వచ్చిన సంకేతానికి బదులుగా పెరుగుతోంది కాబట్టి, సంకేతం ఆగితే పెరుగుదలా ఆగుతుంది. క్యాన్సర్ కణం సంకేతం లేకపోయినా పెరుగుతుంది. జాగ్రత్త పడవలసినది ఏదైనా ఉంటే అది కొన్ని చికిత్సల విషయంలో. సోరలెన్ మాత్రలతో కలిపి అతినీలలోహిత కిరణాలు ఇచ్చే పువా చికిత్స ఏళ్ల తరబడి, వందల సార్లు తీసుకున్నవారిలో పొలుసుకణ చర్మక్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఆ చికిత్స మీరు ఎప్పుడైనా తీసుకుని ఉంటే మీ వైద్యురాలికి ఆ లెక్క చెప్పి ఉంచండి.

ఇక గ్రాహకాన్ని మూసే మందులు. సెటుక్సిమాబ్, ఎర్లోటినిబ్ వంటివి క్యాన్సర్ కోసం తీసుకున్న కొందరికి, అంతకుముందు నుంచీ ఉన్న సోరియాసిస్ తగ్గినట్టు వైద్య పత్రికల్లో ఒక్కొక్కరి కథలుగా వచ్చాయి. పెరిగినట్టు కూడా వచ్చాయి. అయితే ఆ గ్రాహకం మంచి చర్మానికి కూడా కావాలి. దాన్ని మూస్తే చాలామందికి ముఖం, ఛాతీ, వీపు మీద మొటిమల్లాంటి దద్దుర్లు వస్తాయి, చర్మం ఎండిపోతుంది, గోళ్ల చుట్టూ పుండ్లు పడతాయి. జబ్బు కన్నా మందు భారమవుతుంది. పైగా ఒక్క ఈజీఎఫ్ గ్రాహకాన్ని మూసినా ఇంటర్‌ల్యూకిన్-22, కేజీఎఫ్ వంటివి వేరే తలుపుల గుండా సంకేతం పంపుతూనే ఉంటాయి. అందుకే ఎగువకు వెళ్లి ఆపడం మేలైంది. ఇంటర్‌ల్యూకిన్-17ను అడ్డుకునే సెకుకినుమాబ్‌కు 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. 23వదాన్ని మాత్రమే అడ్డుకునేవి ఆ తరువాత వరుసగా వచ్చాయి. ఇవి ఏ వృద్ధి కారకాన్నీ నేరుగా ముట్టుకోవు. అయినా చికిత్స మొదలైన కొన్ని వారాలకు పలక నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే బాహ్యచర్మం పలుచబడి, కెరటిన్-16 తగ్గి కనిపిస్తుంది.

నేరుగా కెరటినోసైట్ మీద పనిచేసే మందు అసలు లేదని కాదు. మీరు పలకల మీద రాసుకునే లేపనంలో కాల్సిపోట్రియోల్ ఉండి ఉంటే, అది విటమిన్-డి తరగతికి చెందినది. కణవిభజనను తగ్గించి, కణాన్ని పక్వత వైపు నడిపించడం దాని పనుల్లో ఒకటి. మీ 1980ల పుస్తకం దాన్ని చూసి సంతోషించేది.

గాలివాటం సమాధానం

ఒక్క చిన్న మాట. నాకు పలక తగ్గి చర్మం పూర్తిగా మామూలుగా కనిపించాక మందు ఆపితే, మళ్లీ అదే చోట, దాదాపు అదే ఆకారంలో వస్తుంది. ఆ ముంజేతి గీత కూడా ఒకసారి అలాగే తిరిగి వచ్చింది. గాయం లేదు, గీత లేదు, మరి ఆ చోటును గుర్తుపెట్టుకున్నది ఎవరు?

వేకువచుక్క సమాధానం

జ్ఞాపకశక్తి గల టీ కణాలు కొన్ని పలక పోయాక కూడా రక్తంలోకి వెళ్లకుండా ఆ చోటి చర్మంలోనే కాపురం ఉండిపోతాయి. పైకి చర్మం నున్నగా ఉన్నా అవి అడుగున ఉంటాయి. మందు ప్రభావం తగ్గగానే ఇంటర్‌ల్యూకిన్-17 మళ్లీ వాటి నుంచే మొదలవుతుంది, మిగిలినదంతా సూక్ష్మదర్శిని గారి పళ్లెంలో జరిగినట్టే జరుగుతుంది. మీ గీత తిరిగి వచ్చినప్పుడు పాత గీత పొడవుతో సరిపోలిందా, లేక ఒక చివర మాత్రమే వచ్చిందా?

గాలివాటం సమాధానం

మోచేతి వైపు సగం మాత్రమే వచ్చింది. ముల్లు లోతుగా దిగిన సగం.